రెండు కాలాల క్రిస్మస్

దేవకుమారి పెళ్లయి రాళ్లపాలెం వచ్చిన ఏడు, డిసెంబరు మొదటివారంలోనే అత్తగారు ఆమె చేతికి సున్నం బకెట్టు ఇచ్చి గుడి దగ్గరికి పంపించింది. క్రిస్మస్ ముందు కొత్తకోడళ్లు గుడి గోడలకు సున్నం కొట్టటం ఆ పాలెంలో ఆనవాయితీ. ఆ పని ముగిసేలోపు ఆమెకు పాలెమంతా పరిచయమైపోయింది. నిచ్చెన పట్టుకున్నవాళ్లు మామల వరస, కింద నిలబడి ఎగతాళి చేసినవాళ్లు మరదళ్లు.

రాళ్లపాలెం పొదిలికి దగ్గర్లో, తారురోడ్డు దిగి గులకరాళ్ల దారిలో కొంత నడిస్తే వస్తుంది. వాన పడితే కందులు, సజ్జలు, కాస్త పొగాకు. పడకపోతే ఏమీ లేదు. అక్కడివాళ్లంతా తాతల కాలంలో మతం పుచ్చుకున్న కూలీ కుటుంబాలు. దేవకుమారి ఒంగోలు మిషను హాస్టల్లో ఉండి పదో తరగతి చదివింది కాబట్టి పాలెంలో అంగన్‌వాడీ పెట్టినప్పుడు ఆ పని ఆమెకే వచ్చింది. ఆదివారాలు గుడిలో పిల్లలకు సండే స్కూలు కూడా ఆమే చెప్పేది. అలా మొగుడి తరఫు పెద్దవాళ్లకు తప్ప అందరికీ టీచరమ్మ అయిపోయింది.

ఏడాది పొడుగునా ఆమె ఎదురుచూసేది క్రిస్మస్ నాటిక కోసం. దసరా సెలవులు అయిపోగానే మొదలుపెట్టేది. తాతల కంబళ్లు కప్పుకుని గొల్లలు, అట్టముక్కల కిరీటాలతో జ్ఞానులు, అమ్మ తెల్లచీర చుట్టుకుని దూత. మంచు పడే వేళ పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరగటం, తలుపులు తీసి చలికి వణుకుతూ ఇళ్లవాళ్లు పెట్టే చక్రాలు, కజ్జికాయలు ఒడిలో పోసుకోవటం. పెద్దల్లో కూడా చాలామంది చిన్నప్పుడు ఏదో ఒక ఏడు గొల్లవేషం వేసినవాళ్లే.

గుడికి పెద్ద జక్రయ్య. దేవకుమారి భర్త ఎలీషాకు పెదనాన్న. సన్నగా, నిటారుగా ఉండేవాడు. గుడి తాళం, గంట తాడు రెండూ ఆయన చేతిలోనే. వాళ్ల నాన్న నుంచి ఆయనకు వచ్చిన బాధ్యత అది. క్రిస్మస్ నాడు తెల్లవారుజామున ఆయన కొట్టే గంట అవతలి ఊళ్లదాకా వినిపించేది.

రెండువేల సంవత్సరం దాటాక వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కంది పూతలోనే మాడిపోయింది. మరుసటి ఏడు విత్తనమే మొలవలేదు. బోర్లు ఎండాయి. అప్పటిదాకా ఇద్దరు ముగ్గురు మాత్రమే గుంటూరు వైపు పత్తి తీతకు పోయేవాళ్లు. ఆ ఏడు పాలెమంతా పోయింది. నలుగురితో కలుపుగోలుగా ఉండే ఎలీషా వాళ్లకు మేస్త్రి అయ్యాడు. అమరావతి దారిలో వెంకటనారాయణ అనే రైతుకు పత్తి, మిరప ఉన్నాయి. పత్తి తీత అయ్యేసరికి మిరపకాయ కోతకొస్తుంది. మిరప అయ్యేసరికి వేసవి. కార్తీకం చివర్లో వెళ్లినవాళ్లు మళ్లీ ఉగాది దాటితే గాని ఇల్లు చూడరు.

లారీ ఎక్కేరోజు పిల్లలు కూడా తట్టాబుట్టా మీద కూర్చున్నారు. ఇంట్లో చూసేవాళ్లు లేనప్పుడు పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి పోతారు? జక్రయ్య కొడుకూ కోడలూ కూడా కూతురు సువార్తను వెంటబెట్టుకుని ఎక్కారు. సువార్తకు ఎనిమిదేళ్లు. ఆ ఏడు నాటికలో దూత వేషం తనదే. అంగన్‌వాడీ పని వల్ల ఊళ్లోనే ఉండిపోయిన దేవకుమారిని లారీ మీద నుంచి చూసి, "టీచరమ్మా, నా వేషం ఇంకెవరికీ ఇవ్వొద్దు" అని అరిచింది.

ఇవ్వటానికి ఎవరూ మిగల్లేదు.

ఆ క్రిస్మస్ నాడు జక్రయ్య ఎప్పటిలాగే చీకటితో లేచి గంట కొట్టాడు. గుడికి వచ్చినవాళ్లు దేవకుమారి, లారీ ఎక్కలేని ముసలమ్మలు కొందరు, పొదిలి నుంచి మోపెడ్ మీద వచ్చిన ఇమ్మానియేలు పాస్టరుగారు. చుట్టుపక్కల ఐదారు ఊళ్లకు పాస్టరు ఆయనే. బోధ కోసం లేచి నిలబడి, ఖాళీ చాపలు చూసి, మెల్లగా కూర్చుని మాట్లాడారు. పాట ఎత్తుకుంటే గొంతులు సరిపోక మధ్యలోనే ఆగిపోయింది. జక్రయ్య మాత్రం ఏ లోటూ లేనట్టే నడిపించాడు. ఆఖరి ప్రార్థనలో ఊరి పేరు, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. మనవరాలి పేరు మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం రోడ్డు మీద టెలిఫోన్ బూత్ నడిపే సుభానీ సైకిలేసుకుని వచ్చాడు. "టీచరమ్మా, మీ షారోనమ్మ ఫోను. మళ్లీ చేస్తానంది, రండి."

షారోన్ హాస్టల్లో దేవకుమారి పక్క మంచం పిల్ల. నర్సు చదివి, మస్కట్‌లో పనిచేసి, అక్కడి నుంచి ఆస్ట్రేలియాలో పెర్త్ అనే ఊరికి వెళ్లింది. ప్రతి క్రిస్మస్‌కీ ఒకసారి ఫోన్ చేసేది.

"ఏమే కుమారీ, కజ్జికాయలు తిన్నావా?"

"వండేవాళ్లు లేరు, తినేవాళ్లు లేరే. పాలెమంతా పత్తికి పోయింది." దేవకుమారి మాట మార్చటానికి, "మీకెట్టా జరిగింది? మంచు పడిందా?" అని అడిగింది.

షారోన్ నవ్వింది. "మంచేంటే, ఇక్కడ మన పొదిలి మే నెల ఎండ. గుడిలో గోడకి మంచులాగా దూది అంటించారు. ఆ దూది కింద మేమంతా చెమటలు కక్కుతా కూర్చున్నాం."

"డిసెంబరులో ఎండలా?"

"భూమికి ఆ సగాన చలైతే ఈ సగాన ఎండ. హాస్టల్లో ఆ పాఠం నాకు చెప్పిందే నువ్వు కదా, మర్చిపోయావా? ఇవాళ పొయ్యి ముట్టించినవాళ్లే లేరు. చల్లటి కూరలు, మామిడిపండ్లు. సాయంత్రానికి అందరూ సముద్రం ఒడ్డుకి."

క్రిస్మస్‌కి మామిడిపండ్లు. దేవకుమారికి అది ఊహకు అందలేదు.

షారోన్ చెబుతూనే ఉంది. ఆమెతో పనిచేసే ఇథియోపియా నర్సుకు పండగ జనవరిలో. ఫిలిప్పీన్స్ ఆమె సెప్టెంబరు రాగానే ఇంట్లో నక్షత్రం కడుతుంది. "ఇంకోటి చెప్పనా? మా వార్డులో ఒక ముసలామె ఉండేది, ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడింది. వాళ్లలో కొందరు జూలైలో, ఇక్కడ చలి పడ్డాక, ఇంకోసారి క్రిస్మస్ భోజనాలు పెట్టుకుంటారు. అసలు రోజున చేసుకునేది మామూలే. కానీ చలిలో చేసుకోకపోతే వాళ్లకు అమ్మానాన్నల దగ్గర చేసుకున్నట్టు ఉండదంట."

"ఎవరూ ఏమీ అనరా?"

"ఎందుకంటారు? ప్రేమగా తలుచుకోవటానికి అడ్డేముంది?"

ఇంటికి నడుస్తూ దేవకుమారి ఆ మాటల్నే తలుచుకుంది. ఒకే రోజున ఒక చోట మంచు, ఒక చోట ఎండ, ఒక చోట పత్తి. చిన్నప్పటి నుంచి చూసిన గ్రీటింగ్ కార్డుల మీద మంచు కప్పిన ఇళ్లే ఉండేవి. క్రిస్మస్‌కు అదే అసలైన ఋతువనీ, మనది ఏదో సర్దుకుపోయే పండగనీ లోపలెక్కడో అనుకుంటూ ఉండేది. అలాంటి ఋతువు అసలు లేనే లేదన్నమాట. ఎవరి నేల మీద ఎలా ఉంటే అలాగే వచ్చి వెళుతుంది.

జనవరి మొదట్లో ఆమె ఎలీషాను చూడటానికి గుంటూరు బస్సెక్కింది. వెంకటనారాయణ చేను గట్టు మీద నల్ల పట్టలతో గుడిసెలు వేసుకుని ఉన్నారు పాలెంవాళ్లు. పత్తికాయల మొనలు గీరుకుని అందరి వేళ్ల మీదా నెత్తురు చారలు. ఇంటి దగ్గర సంగతులు అడిగారు. ముసలివాళ్ల గురించి అడిగారు. పండగ గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమే అడిగింది. ఎలీషా చెప్పాడు. "నారాయణగారు ముందే సెలవిచ్చాడు. మటన్ కూడా తెప్పిస్తానన్నాడు. తెల్లారేసరికి మబ్బు కమ్మింది. చేనంతా పగిలిన పత్తి. వాన పడితే మొత్తం నల్లబడిపోద్ది. ఆయన ఏమీ అనలేదు, గట్టు మీద నిలబడి ఆకాశం చూస్తా ఉన్నాడు, అంతే. మాకే మనసొప్పలేదు. నిలబడి ఒక ప్రార్థన చేసుకుని చేలోకి దిగాం."

"వాన పడిందా?"

"లేదు. తేలిపోయింది. సాయంత్రం కోటిరత్నమ్మగారు పరమాన్నం పంపింది. అప్పటికి పిల్లలు నిద్రపోయారు."

కోటిరత్నమ్మ వెంకటనారాయణ భార్య. ఆమె కూడా దేవకుమారి దగ్గరికి వచ్చి, "మీ పండగ మావల్ల పాడైపోయిందమ్మా, మా ఆయన ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు" అంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో దేవకుమారికి తెలియలేదు.

మధ్యాహ్నం సువార్త వచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది. "టీచరమ్మా, మనకి పండగ అయిపోయిందా?" అని అడిగింది. అడగటంలో ఏడుపు లేదు. నిజంగా తెలియక అడిగింది.

"అవ్వలేదు. మీరు ఇంటికొచ్చాక చేసుకుందాం" అంది దేవకుమారి.

అనేసింది. అన్నాక ఆ మాట పక్క గుడిసెకు, ఆ పక్క గుడిసెకు పాకింది. ఆమె బస్సెక్కేసరికి పిల్లలంతా గట్టు వెంట వచ్చి, గొల్లలు ఎవరు, జ్ఞానులు ఎవరు అని వేషాలు పంచేసుకుంటున్నారు. ఎలీషా మాత్రం బస్సు దగ్గర, "ఏందే, పిల్లలకి అట్టా చెప్పావు? పెదనాయన ఒప్పుకుంటాడా?" అన్నాడు.

జక్రయ్య ఒప్పుకోలేదు.

గుడి మెట్ల మీద కూర్చుని ఆయన ఆమె చెప్పిందంతా విన్నాడు. షారోన్ సంగతి, సముద్రం ఒడ్డు, జూలై భోజనాలు, అన్నీ. విని తల అడ్డంగా ఊపాడు.

"వాళ్లకి ఎండ రానీ, మంచు రానీ, డిసెంబరు ఇరవై అయిదు తప్పలేదు కదమ్మాయ్. ఏ కాలమైనా రోజు ఒకటే. నువ్వు రోజునే మారుస్తానంటున్నావు."

"మార్చను మామా. ఆ రోజు గంట నువ్వు కొట్టు. ఇది ఇంకొకటి."

"మన తీరికని బట్టి ప్రభువుకి పుట్టినరోజులు పెడతామా?"

"తీరికని బట్టి కాదు మామా, మన మనుషుల్ని బట్టి. పోయిన క్రిస్మస్‌కి గుళ్లో ఎవరున్నారు?"

ఆ మాట తగిలిందని ఆమెకు తెలిసింది. ఆయన లేచి నిలబడ్డాడు. "ఎవరూ లేకపోయినా నేనుండాను. మా నాయన పోయిన మర్నాడు కూడా ఈ గంట మోగింది. రోజు అంటూ ఒకటి నిలబడకపోతే, మనిషికి ఇంక నిలబడేదేంది?" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆమెకు ఆయన మాటే గుర్తొచ్చింది. ఆయనది మొండితనం అనుకోవటానికి వీల్లేదు. అందరూ వదిలి వెళ్లిన చోట ఒక మనిషి ఒక్కడే ఏదో పట్టుకుని నిలబడ్డాడు. అది కూడా వదిలెయ్యమని ఎలా చెప్పటం?

పాస్టరుగారిని అడిగింది. "తేదీ గ్రంథంలో ఎక్కడా లేదమ్మా. పెద్దలు నిర్ణయించుకున్నదే. అయితే లోకమంతా ఒక్కరోజున ఒక్కటిగా పాడటంలో ఒక బలం ఉంది. జక్రయ్యగారు అనేది అదే. నేను వద్దని చెప్పను. కానీ ఆయన్ని కాదని బోధకుడిగా వచ్చి నిలబడలేను. పిల్లల నాటిక చూడటానికి వస్తాను."

ఉగాది దాటాక లారీలు తిరిగి వచ్చాయి. మిరప ఘాటుకు పిల్లల కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఈస్టరు అయింది. పండగ మే మొదటివారం అనుకున్నారు. ఆడవాళ్లు ఒక్కమాట మీద నిలబడ్డారు. మగవాళ్లు జక్రయ్య ముందు తలొంచుకుని తిరుగుతూనే, చాటుగా పందిరికి తాటాకులు కొట్టుకొచ్చారు.

అంగన్‌వాడీ ముందు వేపచెట్టు నీడలో సాధన మొదలైంది. గొల్లల వేషం వేసే పిల్లలు కంబళ్లు కప్పుకోమంటే లబోదిబోమన్నారు. "ఈ ఎండకి చచ్చిపోతాం టీచరమ్మా." దేవకుమారి ఏం చేద్దామా అని చూస్తుంటే సువార్త అంది, "కంబళ్లెందుకు? మన ఊరి గొల్లలు కప్పుకోరు కదా. ఎండాకాలంలోనే వాళ్లు పొలాల్లో పడుకునేది."

నిజమే. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం చేలల్లో మందలు కట్టించుకుంటారు. ఆ రోజుల్లోనే పాలెం వెనక చేలో గొర్రెల మంద ఉంది. గొల్లలు రాత్రంతా ఆకాశం కింద, మంద చుట్టూ తువ్వాలు పరుచుకుని పడుకుంటున్నారు. ఇన్నేళ్లుగా నేర్పించిన నాటికలో "పొలములో ఉండి రాత్రివేళ మందను కాచుకొనుచున్న" వాళ్లు రోజూ కళ్ల ముందు తిరుగుతున్నవాళ్లేనని దేవకుమారికి ఎప్పుడూ తోచలేదు. చెట్టు అవతల, పారకు పిడి బిగిస్తూ కూర్చున్న జక్రయ్య కూడా ఆ మాట విన్నాడు. పని ఆపి మనవరాలి వైపు చూశాడు.

పాటల రోజున ఎవరూ తలుపులు కొట్టాల్సిన పని లేకపోయింది. పాలెమంతా బయట మంచాలు వేసుకుని పడుకుంటుంది కదా. కోడి కూయకముందే పిల్లలు మంచాల మధ్య నుంచి పాడుకుంటూ నడిచారు. కళ్లు తెరిచినవాళ్లకు నెత్తిమీద చుక్కలు, పక్కన పాట. కొందరు పడుకునే గొంతు కలిపారు. ఒక ముసలమ్మ, "చలికాలంలో దుప్పట్లోనించి సగమే వినపడేది, ఇప్పుడు మొత్తం వినపడింది" అంది. జక్రయ్య మంచం దగ్గర పిల్లలు కాస్త బెదిరారు. ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. పొమ్మని మాత్రం అనలేదు. రెండు చరణాలూ పాడి కదిలారు.

ఆ సాయంత్రం, నాటికకు కాస్త ముందు, పడమటి వైపు ఎర్రగా లేచింది. గాలిదుమారం. చూస్తుండగానే పందిరి ఒక మూల పైకి లేచింది. కింద పిల్లలు వేషాలతో కూర్చుని ఉన్నారు. మగవాళ్లు అటువైపు గుంజలు పట్టుకున్నారు గాని, ఇటువైపు గుంజ పెళ్లగించుకుని ఒరిగింది. దేవకుమారి పిల్లల మీదికి వంగి చేతులు అడ్డం పెట్టింది. దెబ్బ పడలేదు. తలెత్తి చూస్తే జక్రయ్య, ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేకుండా, గుంజను భుజానికి ఆనించి నిలబడి ఉన్నాడు. కళ్లనిండా దుమ్ము.

"నోరు తెరుచుకుని చూస్తారేందిరా, మోకు తీసుకురండి" అని కేకేశాడు.

గాలి తగ్గేదాకా అలాగే నిలబడ్డాడు. పలుగుతో ఆయనే కొత్త గుంట తవ్వి గుంజ దిగ్గొట్టాడు. ఎలీషా నీళ్లచెంబు అందించి, "కూర్చో పెదనాయనా" అన్నాడు.

"పందిరి నిలబెట్టటానికి వచ్చా. పండక్కి కాదు" అని చెంబు తిరిగిచ్చి ఇంటికి వెళ్లిపోయాడు.

నాటిక జరిగింది. గొల్లలు పైపంచెలు తలకు చుట్టుకుని, చేతికర్రలతో వచ్చారు. నాటిక చూడటానికి వచ్చిన నిజం గొల్లలు ఇద్దరు వాళ్లను చూసి, కర్ర పట్టుకోవటం అట్టా కాదని లేచి చూపించారు. సువార్త తెల్లచీర దుమ్ముతో ఎర్రబడినా మాటలు తడుముకోకుండా చెప్పింది. పాస్టరుగారు పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. కజ్జికాయలు లేవు. ఆ ఎండలో పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారు? తాటిముంజలు, పుచ్చకాయ ముక్కలు, కుండలో మజ్జిగ. దేవకుమారి ముంజ వలుస్తూ, సముద్రం ఒడ్డున మామిడిపండు తినే షారోన్‌ను తలుచుకుంది. ఆమెకు సంతోషంగానే ఉంది. జక్రయ్య ఇంటి వైపు చూసినప్పుడల్లా ఆ సంతోషం కాస్త తగ్గుతూ ఉంది.

గంట మోగలేదు. ఎవరూ అడగలేదు.

ఆ ఏడు కూడా వానలు రాలేదు. మళ్లీ కార్తీకం వచ్చింది. తెల్లవారుజామున లారీ వచ్చి రోడ్డు మీద ఆగింది. మూటలు ఎక్కిస్తున్న ఎలీషా, లారీ పక్కన జక్రయ్యను చూసి ఆగిపోయాడు. చంకలో దుప్పటి చుట్ట, చేతిలో బైబిలు సంచి.

"ఏంది పెదనాయనా, మాతో వస్తావా? పత్తి తీయగలవా?"

"తీయలేను. చంటిపిల్లల చీర ఉయ్యాలలు ఊపలేనా?" అన్నాడు ఆయన. దేవకుమారి వైపు తిరిగాడు. "గుడి తాళం నీ దగ్గర పెట్టుకో అమ్మాయ్. రోజు మార్చటం నావల్ల కాదు. నేను మారతా. ఇరవై అయిదున మనవాళ్లు ఎక్కడుంటే నేను అక్కడుంటా."

దేవకుమారి తాళం తీసుకుని, ఆయన లారీ ఎక్కుతుంటే మోచేయి పట్టుకుంది.

ఆ డిసెంబరు ఆమె కూడా రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లింది. చేను గట్టున తుమ్మచెట్టుకు కట్టిన ఉయ్యాలల మధ్య జక్రయ్య కూర్చుని ఉండటం దూరం నుంచే కనిపించింది. వెంకటనారాయణతో ఆయన ముందే మాట్లాడాడట. మబ్బు పట్టినా పట్టకపోయినా పొద్దుటి పూట మాది, సాయంత్రం పూట మీది అని. వెంకటనారాయణ, "ముందే అట్టా చెప్పేవాళ్లు లేకనే కదయ్యా పోయినసారి పాడైంది" అన్నాడట. క్రిస్మస్ పొద్దున పొగమంచులో ఎదుటి మనిషి కనిపించటం లేదు. జక్రయ్య ఆ మంచులోకి నడుస్తూ, గుడిసె గుడిసె దగ్గరా ఆగి పేరు పెట్టి పిలిచాడు. పిలిచినవాళ్లు పిలిచినట్టు బయటికి వచ్చారు. అందరూ ఖాళీ పత్తి గోతాలు పరుచుకుని గట్టు మీదే కూర్చున్నారు. ఒకచోట నిలబడి గంట కొట్టి రప్పించుకున్న మనిషి, అలా ఇంటింటికీ వెళ్లి పిలవటం దేవకుమారి మొదటిసారి చూసింది. కోటిరత్నమ్మ వచ్చి వెనక కూర్చుంది. పాట అయిపోయాక, "బాగుందమ్మా, మా తిరునాళ్లలో భజనలాగే ఉంది" అంది.

తర్వాతి వేసవి ఎండలు మనుషుల్ని బతకనివ్వలేదు. పక్క ఊళ్లలో వడదెబ్బకు రోజూ ఎవరో ఒకరు పోతున్నారు. మే నెలలో పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టటం దేవకుమారికి ఇష్టం లేకపోయింది. పండగ వద్దనుకున్నారు. జూన్ సగం దాటాక ఒక మధ్యాహ్నం చల్లగాలి తిరిగింది. జక్రయ్యే అంగన్‌వాడీ దగ్గరికి వచ్చాడు.

"ఏం టీచరమ్మా, ఈ ఏడు ఎగ్గొడతావా?"

ఆయన ఆమెను టీచరమ్మా అని పిలవటం అదే మొదలు. ఆమె నవ్వాపుకుని, "ఎప్పుడు చేద్దాం మామా?" అంది.

"నన్నడుగుతావేంది? తారీఖులు పెట్టేది నువ్వు."

ఆ ఆదివారం చేశారు. నాటిక మధ్యలో, జ్ఞానులు నడిచొస్తుండగా, వాన మొదలైంది. ముందు పెద్ద చినుకులు, ఆ వెంటే కుండపోత. పందిరి ఆగలేదు. అందరూ గుళ్లోకి పరుగెత్తారు. ఆ చిన్న గుళ్లో అంతమంది ఒకేసారి ఎప్పుడూ పట్టలేదు. తడిసిన బట్టల వాసన, మట్టి వాసన. పిల్లల కిరీటాల రంగు కరిగి బుగ్గల మీదికి కారింది. నాటిక ఎక్కడ ఆగిందో ఎవరికీ గుర్తులేదు. మగవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి వాన ఎంత లోతు దిగుతుందో మాట్లాడుకుంటున్నారు. రెండేళ్లుగా విత్తనం ముట్టని చేతులు అవి.

జక్రయ్య గోడకు ఆనుకుని, తడి పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. దేవకుమారి పక్కకు చేరి, "ఇది పండగే అంటావా మామా?" అని అడిగింది.

"ఇరవై అయిదే పండగ" అన్నాడు ఆయన. "ఇది ప్రభువు మనింటికి రావటం." ఆ వెంటనే, "ఆ పిల్లకి జలుబు చేస్తది, తల తుడవండి" అన్నాడు సువార్తను చూపిస్తూ.

తర్వాత కొన్నేళ్లకు వానలు కుదుటపడ్డాయి. ఆ తర్వాత ఊళ్లోనే చెరువు పూడిక పనులు, ఉపాధి పనులు వచ్చాయి. పోయేవాళ్లు తగ్గారు. డిసెంబరులో గుడి మళ్లీ నిండింది. జక్రయ్య ఒక శ్రావణమాసంలో, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుడి పని ఎలీషా మీద పడింది. లారీలు ఆగినా వేసవి పండగ ఆగలేదు. ఒక ఏడు మేలో, ఒక ఏడు తొలకరిలో, పిల్లలే అడిగి పెట్టించుకునేవాళ్లు.

ఒక డిసెంబరులో సున్నం కొట్టటానికి వచ్చిన కొత్తకోడలు అడిగింది. ఒంగోలు పిల్ల, అన్నీ సూటిగా అడిగే రకం. "అత్తా, మీరు ఎండాకాలంలో కూడా క్రిస్మస్ చేస్తారంట కదా. ఎందుకు?"

దేవకుమారి ఆస్ట్రేలియా గురించి చెప్పబోయింది. భూమికి రెండు సగాలని, ఒకచోట మంచు, ఒకచోట మామిడిపండ్లని చెప్పబోయింది. పత్తి చేను, మబ్బు, జక్రయ్య మామ, అన్నీ నాలుక చివరకు వచ్చాయి. అంత చెప్పటానికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"అప్పుడు మనవాళ్లు ఇంట్లో లేరమ్మా. వచ్చాక చేసుకున్నాం" అంది.

ఆ పిల్ల అది చాలన్నట్టు తలూపి, నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కింది.